టెక్ సందేహాలు: తాళంచెవి మదర్‌బోర్డులోనే ఉంది

"నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మాకు డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బ్యానర్లు చేస్తాం. పాత కంప్యూటర్ మొరాయిస్తోందని కొత్త లాప్‌టాప్ కొన్నాను. అందులో విండోస్ 11 ప్రో ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడం లేదు. విండోస్ 10 వేయించుకుందామంటే దానికి వేరే లైసెన్స్ కీ కొనాలని దుకాణంలో చెప్పారు. నిజమేనా? తర్వాత మళ్లీ 11కు రావచ్చా?"

కీ కొనకండి. మీ లాప్‌టాప్‌తో వచ్చింది ప్రో (వ్యాపారాలకు ఉద్దేశించిన రకం) కాబట్టి విండోస్ 10 ప్రో వాడుకునే హక్కు ఆ లైసెన్సులోనే ఉంది. మీరు డబ్బు కట్టేసిన వస్తువునే మీకు మళ్లీ అమ్మబోయారు.

విండోస్ 7 కాలంలో 25 అక్షరాల కీని స్టిక్కర్ మీద అచ్చువేసి లాప్‌టాప్ అడుగున అంటించేవారు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి అందులో సగం అక్షరాలు చెరిగిపోయేవి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీది చిప్‌లోనే రాసి పంపుతున్నాయి. 2015లో విండోస్ 10తో డిజిటల్ లైసెన్స్ వచ్చింది. మీ మదర్‌బోర్డు గుర్తులు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదై ఉంటాయి. హార్డ్ డిస్క్ మొత్తం చెరిపేసి మళ్లీ విండోస్ వేసినా, ఇంటర్నెట్ తగలగానే అదే గుర్తుపట్టి యాక్టివేట్ చేస్తుంది, అంటే అసలు లైసెన్సేనని ఒప్పుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్న వరుసను నొక్కి, ప్రో ఎంచుకుని ముందుకు వెళ్లండి.

విండోస్ హోమ్ (ఇళ్లకు ఉద్దేశించిన రకం) ఉన్న లాప్‌టాప్‌ల వారికి ఒక మాట. ఈ వెనక్కి వెళ్లే హక్కును లైసెన్సులో రాసింది ప్రోకే. హోమ్ మీద 11 కీతో 10 యాక్టివేట్ కావడం నేను చూశాను కానీ, అయితే అయినట్టు, కాకపోతే అడిగే హక్కు లేనట్టు.

ఇక మీ అసలు సమస్య. మీకు కావాల్సింది విండోస్ 10 కాదు, పేజ్‌మేకర్ నడవడం. ఈ రెండూ ఒకటేనని మీరు అనుకుంటున్నారు. డబ్బు, ఒక రోజు పని పోగొట్టుకోకముందే పాత కంప్యూటర్ తెరిచి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ అబౌట్ చూడండి. 'సిస్టమ్ టైప్' ఎదురుగా 32 బిట్ (పాత తరహా విండోస్) అని ఉందా, 64 బిట్ (ఇప్పటి తరహా) అని ఉందా? జవాబంతా అక్కడే ఉంది.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ కాలపు ప్రోగ్రాములలో కొన్నింటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి, అంటే ఇంకా పాత తరహావి. 32 బిట్ విండోస్ వాటిని భరిస్తుంది, 64 బిట్ విండోస్ ముట్టుకోదు. ఫాంట్ సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ ఉందని చూపే చిన్న పరికరం) ఉండి, దాని డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాము) 32 బిట్‌దే అయితే అదీ అంతే. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. విండోస్ 10లో ఉంది కానీ, ఇప్పటి లాప్‌టాప్‌ల బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) దాన్ని బూట్ చేయదు, అంటే మొదలుపెట్టనే పెట్టదు. కాబట్టి మీ పాత కంప్యూటర్ 32 బిట్‌దైతే, కొత్త లాప్‌టాప్‌లో 10 వేసినా 64 బిట్‌దే వేయాలి, అప్పుడు కూడా పేజ్‌మేకర్ ఇదే పేచీ పెట్టవచ్చు. పాతది 64 బిట్‌దై, అందులో అన్నీ నడుస్తుంటే 11లోనూ నడిచే అవకాశం బాగానే ఉంది. ఇన్‌స్టాలర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద విండోస్ ఎక్స్‌పీ ఎంచుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూడండి.

32 బిట్ చిక్కే అయితే నేను చెప్పే దారి వేరు. లాప్‌టాప్‌లో 11ను అలాగే ఉంచి, వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకోండి. అందులో 32 బిట్ విండోస్ 10ను ఒక కిటికీలో నడపవచ్చు. బూట్ గొడవ అక్కడ ఉండదు. కానీ లోపల నడిచే విండోస్‌కూ లైసెన్స్ కావాలి. పాత కంప్యూటర్‌కు విడిగా పెట్టెలో కొన్న రిటైల్ కీ అయితే దాన్ని అక్కడ తీసేసి ఇక్కడ వాడుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన కీ మాత్రం ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది.

ఇవన్నీ తెలిశాక కూడా 10కే వెళ్తానంటే వినండి. దుకాణాల్లో నష్టం జరిగేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం. కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే మీకు చెప్పకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోయి (కీ లేకుండా చదవలేని రూపంలోకి మారిపోయి) ఉండవచ్చు. బయోస్‌లో ఏదో మార్చిన మర్నాడు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఉంటుంది. చాలామందికి ఆ ఖాతా ఏ మెయిల్‌తో తెరిచారో, పాస్‌వర్డ్ ఏమిటో గుర్తుండదు, ఎందుకంటే దాన్ని తెరిచింది లాప్‌టాప్ అమ్మిన కుర్రవాడు. ముందుగా సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేసి, అది పూర్తయ్యేదాకా ఆగి, ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే మిగతా పని.

రెండోది, డిస్క్ కనిపించకపోవడం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసి బూట్ చేస్తారు. డిస్క్ ఎంచుకునే చోట ఖాళీ తెర! ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ స్థానంలో వచ్చిన వేగమైన డిస్క్) పాడైందని కంగారు పడతారు. పాడవలేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా లాప్‌టాప్‌లలో డిస్క్‌కూ విండోస్‌కూ మధ్య వీఎండీ అనే నిల్వ నియంత్రణ ఉంటుంది. విండోస్ 10 ఇన్‌స్టాలర్ దగ్గర దాని డ్రైవర్ లేదు. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, ఆ ఫైలును విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఖాళీ తెర మీద 'లోడ్ డ్రైవర్' నొక్కి దాన్ని చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. వైఫై డ్రైవర్ కూడా ముందే దించి పెట్టుకోవాలి. అది లేకపోతే ఇంటర్నెట్ లేదు, ఇంటర్నెట్ లేకపోతే యాక్టివేషన్ లేదు. మీ మోడల్‌కు కంపెనీ విండోస్ 10 డ్రైవర్లే ఇవ్వకపోతే ఆ పని మొదలుపెట్టకపోవడం మంచిది.

మళ్లీ 11కు రావడం తేలిక. అదే మైక్రోసాఫ్ట్ సైట్, అదే పెన్‌డ్రైవ్, అదే లైసెన్స్. రాక తప్పదు కూడా. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో చేరిన ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు వచ్చేది 2026 అక్టోబర్ 13 వరకే.

నా సొంత అభిప్రాయం అడిగితే, పాత కంప్యూటర్‌ను బాగుచేయించి, ఇంటర్నెట్ తీగ పీకేసి, పాత ఫైళ్ల కోసం ఒక మూల ఉంచండి. కొత్త పనులు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే అక్షర పద్ధతిలో) మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో పేరాగ్రాఫ్‌కు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే తెలుగు ఒత్తులు వాటి చోట అవే కూర్చుంటాయి. పాత పద్ధతి ఫాంట్లలో ప్రతి అక్షరం ముక్కా ఒక రోమన్ అక్షరం గదిలో అద్దెకు ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో కార్డు తెరిస్తే వరుడి పేరున్న చోట ఇంగ్లిష్ అక్షరాల కుప్ప కనబడుతుంది. ఇది మీకు నేను చెప్పాలా!

"మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. నా లాప్‌టాప్‌కు విండోస్ 11 హోమ్ వచ్చింది. మెకానిక్ విండోస్ 10 ప్రో వేశాడు. అప్పటి నుంచి తెర కింద కుడి మూలన 'యాక్టివేట్ విండోస్' అని కనబడుతోంది. ఒక చిన్న ప్రోగ్రాము వేస్తే పోతుందంటున్నాడు. వేయించుకోవచ్చా?"

వద్దు. మీ మదర్‌బోర్డులో ఉన్నది హోమ్ తాళంచెవి, మీ ఇంటికి పెట్టింది ప్రో తాళం. అందుకే తెరుచుకోవడం లేదు. మెకానిక్ తన దగ్గరున్న ప్రో పెన్‌డ్రైవ్‌ను ఊరందరికీ వాడుతున్నాడు. హోమ్‌ను మొదటి నుంచి వేయించండి. 10 హోమ్ యాక్టివేట్ కాకపోతే, మీతో వచ్చిన 11 హోమ్‌కే తిరిగి వెళ్లండి. అది తప్పకుండా అవుతుంది.

ఆ చిన్న ప్రోగ్రాము సంగతి. పెద్ద సంస్థలు వందల కంప్యూటర్లకు విడివిడిగా కీలు కొట్టలేక తమ నెట్‌వర్క్‌లోనే ఒక యాక్టివేషన్ సర్వర్ పెట్టుకుంటాయి. దాన్ని కేఎంఎస్ అంటారు. ఒకసారి చేసిన యాక్టివేషన్ 180 రోజులు ఉంటుంది, ఆలోగా మళ్లీ సర్వర్‌ను పలకరించాలి. ఈ దొంగ ప్రోగ్రాములు మీ కంప్యూటర్‌లోనే నకిలీ సర్వర్ నాటకం ఆడతాయి. చట్టం మాట పక్కన పెట్టినా, వేసేముందు యాంటీవైరస్ ఆపేయమని అడుగుతాయి చూడండి, అక్కడే ఆగిపోవాలి. వచ్చినవాడు ఇంట్లో కుక్కను కట్టేయమంటే చుట్టమనుకోవచ్చు. కానీ గూర్ఖాను కూడా పంపేయమంటే? మిల్లు బ్యాంకు ఖాతా, జీఎస్టీ లాగిన్ ఉన్న లాప్‌టాప్ అది.

తెర మూలన ఉన్న ఆ 'యాక్టివేట్ విండోస్' రాతతో లాప్‌టాప్ ఆగిపోదు. వాల్‌పేపర్, రంగులు మార్చనివ్వదు, అంతే. కాబట్టి ఈ రాత్రికే పరుగెత్తకుండా లెక్కలు బ్యాకప్ తీసుకుని నెమ్మదిగా మార్పించుకోండి.

"గద్వాలలో ఉపాధ్యాయుడిని. 6 రోజుల కింద 10 నుంచి 11కు అప్‌డేట్ చేశాను. నచ్చలేదు."

మీరు అదృష్టవంతులు. ఇంకా 4 రోజులుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' నొక్కండి. ఫైళ్లు ఉంటాయి, ఈ 6 రోజుల్లో వేసిన ప్రోగ్రాములు పోతాయి. ఆ లోపు డిస్క్ క్లీనప్ మాత్రం చేయకండి. పాత విండోస్ మొత్తం 'విండోస్ ఓల్డ్' ఫోల్డర్‌లోనే దాక్కుని ఉంది. 10 రోజులు దాటాక ఆ బటన్ పనిచేయదు, అన్నీ చెరిపి కొత్తగా వేసుకోవాల్సిందే. కొన్ననాడే 11తో వచ్చిన లాప్‌టాప్‌లకు ఈ బటన్ అసలు అందుబాటులో ఉండదు.

"వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. ఇంటెల్ 8వ తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. విండోస్ 7 వేస్తే తేలికగా నడుస్తుందని స్నేహితులు అంటున్నారు."

మీ స్నేహితులు ఎద్దు నడవడం లేదని బండికి రంగు మార్చమంటున్నారు. ఇంటెల్ 7వ తరం నుంచి ప్రాసెసర్లకు విండోస్ 7 మద్దతే లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కీబోర్డు, మౌస్ పలకకపోవచ్చు, ఎందుకంటే విండోస్ 7లో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. ఎలాగో వేసినా, దాని మీద నడిచే చివరి క్రోమ్ 109. అది 2023 నాటిది. మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే అయిపోయింది. పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాల్సిన లాప్‌టాప్‌కు ఇది తగదు.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి డిస్క్ చూడండి. హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని రాసి, 100 శాతం దగ్గర అతుక్కుని ఉంటే దోషి అదే. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొని హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టించండి. దానితో పాటు ర్యామ్ 8 జీబీ చేయించగలిగితే ఇంకా మంచిది. అయితే మీ మోడల్‌లో రెండో ర్యామ్ స్లాట్ ఉందో లేదో ముందు చూసుకోండి. 8వ తరం కాబట్టి విండోస్ 11 కూడా హాయిగా నడుస్తుంది, డిస్క్ మార్చినా మదర్‌బోర్డు అదే కాబట్టి యాక్టివేషన్‌కు ఢోకా లేదు. తీసిన హార్డ్ డిస్క్ పారేయకండి. చిన్న యూఎస్‌బీ పెట్టె కొని అందులో పెడితే సినిమాలు, ఫొటోలకు బయటి డిస్క్ అవుతుంది. వెనక మూత మీరే తెరిచేటట్టయితే ముందు బ్యాటరీ కనెక్టర్ విడదీయండి. స్క్రూలు రెండు మూడు పొడవుల్లో ఉంటాయి, లాప్‌టాప్ అడుగు బొమ్మ కాగితం మీద గీసి ఏ స్క్రూ ఆ చోటే గుచ్చి పెట్టుకోండి.