అమ్మకి రాసిన ట్రమడాల్ మాత్ర ఆపెయ్యాలా, కొనసాగించాలా?

మీ తమ్ముడి మాటా, మెడికల్ షాపతని మాటా వినకండి. డిశ్చార్జ్ కాగితం తీసి, ఆ మాత్ర ఎదురుగా ఎన్ని రోజులని రాశారో ముందు అది చూడండి.

67 ఏళ్ల అమ్మగారికి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి తొమ్మిది రోజులైందని, ఆవిడకి రాసిన నొప్పి మాత్రలో ట్రమడాల్ ఉందని రాశారు. డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు అది ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) కాబట్టి పారెయ్యమంటున్నాడు, వీధి చివర మెడికల్ షాపతను నొప్పి తగ్గేదాకా వేసుకోమంటున్నాడు. నేను డాక్టర్ని కాను. ట్రమడాల్ ఆరు వారాలు మింగి, మానడానికి మూడు వారాలు అవస్థ పడ్డవాణ్ణి. నాకున్న అర్హత అదే.

అన్నిటికన్నా ముందు, మీరు చివర్లో మాటవరసకి రాసిన సంగతి. అమ్మగారు ఏళ్ల తరబడి రాత్రిపూట అల్ప్రజోలామ్ వేసుకుంటారన్నారు కదా, అది సర్జన్‌కి తెలుసా? మన ఇళ్లలో నిద్రమాత్రని ఎవరూ మందుగా లెక్కెయ్యరు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ చెప్పి ఊరుకుంటారు. ట్రమడాల్, అల్ప్రజోలామ్ రెండూ మత్తు కలిగించేవే. కలిస్తే మగత ఎక్కువై ఊపిరి నెమ్మదించే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడిపోతారు కూడా. ఇవాళే హాస్పిటల్‌కి ఫోన్ చేసి అడగండి. అలాగని ఇన్నేళ్లుగా వాడుతున్న నిద్రమాత్రని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపెయ్యకండి, దానివల్ల ఫిట్స్ రావచ్చు. ఈలోగా ఆవిడ ఎంత పిలిచినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట నడుములో డిస్క్ జారి, ఎడమ కాలు పిక్క దాకా నిప్పు పెట్టినట్టు లాగేది. డాక్టర్ ట్రమడాల్ 50 క్యాప్సూల్ రోజుకి రెండు చొప్పున ఏడు రోజులకి రాశారు. నాలుగో రోజుకి నొప్పి సగమైంది. నొప్పి తగ్గడమే కాదు, చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా అనిపించింది. ఆఫీసు టెన్షన్ కూడా ఏదో దూరంగా ఉన్నట్టుండేది. ఏడు రోజులయ్యాక అదే పాత చీటీ పట్టుకుని షాపుకి వెళ్తే ఇంకో స్ట్రిప్ ఇచ్చారు. తర్వాత చీటీ అడగడం కూడా మానేశారు. అప్పుడది నాకు మంచితనంలా కనిపించింది. నిజానికి ఆ మందుని షెడ్యూల్ హెచ్1 కింద అమ్మాలి, అంటే రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన సంఖ్య రిజిస్టర్‌లో ఎక్కించి ఆ రిజిస్టర్‌ని మూడేళ్లు దాచాలి. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మత్తుమందుల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా వచ్చింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

మూడో వారానికి రెండు క్యాప్సూల్స్ చాలడం లేదనిపించి మూడు చేశాను. ఎవరినీ అడగలేదు. మలబద్ధకం ఎంతలా అంటే, ఇసబ్గోల్ తాగితే కడుపు ఇంకా బిగదీసింది. ఆరో వారం ఊళ్లో పెళ్లికి వెళ్తూ మందుల డబ్బా ఇంట్లో మర్చిపోయాను. నడుము బాగానే ఉంది కదా, ఇక మానేద్దాంలే అనుకున్నాను. మర్నాటికల్లా ముక్కు కారడం, ఆగకుండా ఆవలింతలు, ఎండాకాలంలో ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు. రాత్రి కాళ్లు ఒక చోట పెట్టలేక మేడ మీద తెల్లారేదాకా తిరిగాను. వైరల్ ఫీవర్ అనుకుని పక్క టౌన్‌లో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన జ్వరం చూడకుండా ఒకటే అడిగారు: "ఈ మధ్య ఏ మాత్ర ఆపావు?"

నాకు ఒక్క క్షణం అవమానంగా అనిపించింది. ఆయన మాత్రం మామూలుగానే చెప్పారు. రోజూ వారాల తరబడి వాడితే ఎవరి ఒళ్లయినా అలవాటు పడుతుంది, దాన్ని వ్యసనం అనుకోనక్కర్లేదు, కానీ డోసు మనంతట మనమే పెంచుకుంటున్నామంటే ఆ దారిలో ఉన్నట్టే అని. కొన్ని రోజులకొకటి చొప్పున తగ్గిస్తూ మూడు వారాల్లో ఆపించారు. మలబద్ధకానికి లాక్టులోజ్ సిరప్ రాశారు. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయని, డిప్రెషన్‌కి వాడే ఎసిటలోప్రామ్ లాంటి మందులతో కలిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుందని ఆ రోజే మొదటిసారి విన్నాను.

మీ అమ్మగారి సంగతి వేరు. ఆవిడకి పెద్ద ఆపరేషన్ అయింది. మోకాలి మార్పిడి తర్వాత మొదటి రెండు వారాల నొప్పి మామూలు నొప్పి కాదు. నొప్పికి భయపడి ఫిజియోథెరపీ చెయ్యకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. కాబట్టి డాక్టర్ రాసిన రోజులు ఇంకా మిగిలి ఉంటే, నిద్రమాత్ర విషయం తేల్చుకున్నాక, రాసినంత వరకు వెయ్యడంలో తప్పు లేదు. ఆ రోజులు అయిపోయి ఉంటే మాత్రం షాపతని మాట మీద కొనసాగించకండి. "ఇంకా నొప్పి ఉంది, ఇప్పుడేం వెయ్యమంటారు" అని సర్జన్నే అడగండి. ఆపేటప్పుడు ఒక్కసారి ఆపాలా, తగ్గిస్తూ ఆపాలా అన్నదీ అప్పుడే అడగండి. తొమ్మిది రోజుల వాడకానికి నాలాంటి అవస్థ రావడం అరుదు.

స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకు అప్పుడే వచ్చింది. మీరు రాసినదాని ప్రకారం ఆ మాత్రలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములతో పాటు పారాసెటమాల్ 325 కూడా ఉంది. రోజుకి రెండంటే 650. దాంతో పాటు డోలో 650 మూడు పూటలా వేస్తున్నారు, అదీ పారాసెటమాలే, 1,950. మొత్తం 2,600 మిల్లీగ్రాములు. వయోజనులకి రోజుకి 4,000 దాటకూడదంటారు. వయసు మళ్లినవాళ్లకి, బక్కగా ఉన్నవాళ్లకి, లివర్ బాగాలేనివాళ్లకి డాక్టర్లు ఇంకా తక్కువలోనే ఆపుతారు. ఇప్పటికి ఫర్వాలేదు. కానీ తలనొప్పి అని ఒకరు క్రోసిన్, ఒళ్లు నొప్పులని ఇంకొకరు కాంబిఫ్లామ్, జలుబని మూడోవాళ్లు ఏదో మాత్ర ఇస్తే అన్నిట్లోనూ పారాసెటమాలే ఉంటుంది. పేర్లు వేరు కాబట్టి మందులు వేరనుకుంటాం. ఒకరే ఇవ్వండి, ఏ టైముకి ఏది ఇచ్చారో క్యాలెండర్ మీద రాయండి.

ఓపియాయిడ్ అంటే భయం పుట్టగానే మనవాళ్లు చేసే తర్వాతి పని, "పోనీ మామూలు పెయిన్ కిల్లర్ వేద్దాం" అని డైక్లోఫినాక్, అసెక్లోఫినాక్ తెచ్చి వెయ్యడం. మా నాన్న పొలం పని చేసి మోకాళ్లు అరిగి, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వారానికో సూది, మధ్యలో మాత్రలు, అలా ఏడెనిమిదేళ్లు వాడారు. "ఆయన చెయ్యి మంచిది, ఒక్క సూదికి నొప్పి పోతుంది" అనేవారు. కాళ్ల వాపులొస్తే పరీక్ష చేయించాం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.9కి పెరిగి ఉంది. అవి మత్తు మందులు కావు, అలవాటు కావు, నిజమే. కానీ కడుపులో పుండు చేస్తాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. మీ అమ్మగారు బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. దాంతో పాటు నీరు పోయే మాత్ర కూడా ఉంటే, ఈ జాతి పెయిన్ కిల్లర్ తోడైనప్పుడు కిడ్నీ మీద మూడు వైపుల నుంచి భారం పడుతుంది. డాక్టర్ ఇవి రాయలేదంటే మర్చిపోయారనుకోకండి, కావాలనే రాయకపోయి ఉండవచ్చు. అన్నట్టు, డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో వీటిని అసలు ముట్టకూడదు, రక్తస్రావం పెరుగుతుంది.

మీ తమ్ముడి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. అతను ఉన్న దేశంలో 1995 చివర్లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్రకి అనుమతి వచ్చింది. అలవాటయ్యే ప్రమాదం తక్కువని నమ్మించి అమ్మినందుకు, ఆ మందు అమ్మిన పర్డ్యూ వాళ్ల కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. మాత్రలతో మొదలైన అలవాటు హెరాయిన్‌కి, తర్వాత దొంగచాటుగా అమ్మే ఫెంటానిల్ అనే ఇంకా బలమైన ఓపియాయిడ్‌కి దారి తీసి, 2022 ఒక్క ఏడాదే 80 వేల మందికి పైగా చనిపోయారు. అది కళ్లతో చూస్తున్నవాడు పారెయ్యమనక ఏమంటాడు?

కానీ మన దగ్గర ఆ భయం ఇంకో రకంగా చంపుతుంది. మా పెద్దమ్మకి క్యాన్సర్ ఎముకలకి పాకినప్పుడు మార్ఫిన్ అన్న మాట వినగానే ఇంట్లో అందరూ "వద్దు, అది మొదలెడితే ఇక ఆఖరే" అన్నారు. గసగసాల మొక్క నుంచి వచ్చే నల్లమందులోదే మార్ఫిన్, ఆ పేరు వింటేనే మనకి వణుకు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం నిబంధనలకి జడిసి చాలా హాస్పిటళ్లు దాన్ని స్టాకులోనే పెట్టేవి కావు. 2014లో చట్టం సవరించి కాస్త సులువు చేశారు. చివరికి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే విభాగం) వాళ్లు మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు, నాలుగు గంటలకొకటి. రెండు రోజుల్లో ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని పప్పన్నం అడిగింది. నాలుగు నెలలు బతికింది, మనవరాలికి జడలు వేసింది. ముందే మొదలుపెట్టనివ్వలేదే అన్న బాధ మా అన్నయ్యకి ఇప్పటికీ పోలేదు.

ఒకవేళ మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఎవరైనా నాలా ఈ అలవాటులోకి జారి, డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గుపడుతుంటే 14446కి ఫోన్ చెయ్యమనండి. మత్తు అలవాట్ల నుంచి బయటపడేందుకు కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత నంబర్ అది.

ఇంకొకటి. కోర్సు అయ్యాక మాత్రలు మిగిలితే డబ్బాలో దాచకండి. నాకు ఏడు క్యాప్సూల్స్ మిగిలాయి. పక్కింటాయన నడుం పట్టేసిందని వచ్చి "మీరు వేసుకున్నదే రెండివ్వండి, బాగా పనిచేసిందటగా" అన్నాడు. ఆయన సాయంత్రం పూట రెండు పెగ్గులు వేసే మనిషి. ఆయన వెళ్లగానే మా ఆవిడ ఆ ఏడూ విప్పి, వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో ముడేసి చెత్తలో వేసింది. ఆయనకి వేడినీళ్ల సంచీ ఇచ్చాం.