సుడిదోమకు ఆ జన్యువు ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: ఐదెకరాల్లో బీపీటీ 5204 వరి వేశాను. వరి రసం పీల్చే సుడిదోమకు ఇమిడాక్లోప్రిడ్ మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. దుకాణంలో మోతాదు రెట్టింపు చేయమంటున్నారు. పురుగులో కొత్త జన్యువు పుట్టిందని ఇంకొకరు అంటున్నారు. మందు కొడితే జన్యువులు పుడతాయా? ఇప్పుడు ఏం చేయాలి?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీకు చెప్పినవారి మాటలో సగం నిజముంది. మందు జన్యువును పుట్టించదు. ఎక్కడో ఒకటి రెండు పురుగుల్లో యాదృచ్ఛికంగా ఏర్పడిన మార్పును మిగిల్చి, తక్కినవాటిని చంపుతుంది. మిగిలిన ఒక్కో ఆడ దోమ వందల గుడ్లు పెడుతుంది కనుక కొన్ని తరాల్లోనే పొలమంతా వాటి సంతానంతో నిండిపోతుంది.

ఆ మార్పు ఎలా ఏర్పడుతుందో కొంత వివరంగా చెప్పాలి. సుడిదోమ ఒంట్లో చేరిన విషాలను విరగ్గొట్టే ఎంజైములలో ఒకదాన్ని సీవైపీ6ఈఆర్1 అనే జన్యువు తయారుచేయిస్తుంది. కణ విభజన సమయంలో జరిగిన పొరపాటు వల్ల కొన్ని పురుగుల్లో ఈ జన్యువుకు రెండో ప్రతి ఏర్పడింది. ఒక్కటే కొడవలి ఉన్న ఇంట్లో దాన్ని సాగగొట్టి వేరే పనిముట్టు చేయిస్తే కోత ఆగిపోతుంది, రెండోది ఉంటే ఆ ఇబ్బంది లేదు. అలాగే ఒక ప్రతి పాత పని చేస్తుండగా, రెండో ప్రతిలో చిన్న మార్పులు చేరి, అది తయారుచేయించే ఎంజైముకు ఇమిడాక్లోప్రిడ్‌ను విరగ్గొట్టే శక్తి వచ్చింది. పైగా ఆ ప్రతి చాలా ఎక్కువ మోతాదులో పనిచేస్తుంది. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం ఇటువంటి మార్పు ఒకేచోట పుట్టి వ్యాపించింది కాదు, వేర్వేరు సుడిదోమ సంతతుల్లో విడివిడిగా ఏర్పడింది. నాకు ఇందులో అన్నిటికంటే ఆలోచింపజేసేది అదే. ఆసియాలో ఈ మందుకు నిరోధకత 2003లోనే బయటపడింది.

కాబట్టి మోతాదు రెట్టింపు చేయడం వల్ల ఆ పురుగులే మరింత ఏరి మిగులుతాయి. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చనిపోతాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు అసలే వద్దు, వాటితో దోమ ఉధృతి ఇంకా పెరుగుతుంది.

ముందుగా పొలంలోని నీటిని తీసివేసి, నత్రజని ఎరువు ఆపండి. దుబ్బును పక్కకు వంచి మొదలు తట్టి, రాలిన దోమలను లెక్కించండి. పిలక దశలో దుబ్బుకు 10-15, ఈనిక దశలో 20-25 ఉంటేనే మందు అవసరం. అప్పుడు వేరే తరగతికి చెందిన పైమెట్రోజిన్ 50 శాతం గుళికల మందును ఎకరాకు 120 గ్రాముల చొప్పున 200 లీటర్ల నీటిలో కలిపి, పాయలు తీసి మొదళ్లు తడిసేలా పిచికారీ చేయండి. మళ్లీ అవసరమైతే ఇంకో తరగతి మందు, ట్రైఫ్లుమెజోపైరిమ్ ఎకరాకు 94 మి.లీ. వాడండి. వచ్చే పంటలో ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాటలు తూర్పు పడమరలుగా వదలండి.

పైమెట్రోజిన్ తగిలిన దోమ రసం పీల్చడం మానేసినా చావడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, మరునాడే దుబ్బు తట్టి చూసి మందు పనిచేయలేదని మళ్లీ కొట్టకండి.