న్యాయ సలహా: ఆ రబ్బరు రెక్కలు ఏ ఇంపెల్లర్‌వి?

సందేహం: తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా డీజిల్ మెకానిక్ షాపు నడుపుతున్నాను. ఎక్కువగా లారీలు, ట్రాక్టర్లే చేస్తాను. ఫిబ్రవరిలో వాకాడు మండలం నుంచి ఒకాయన తన బోటు ఇంజిన్ తెచ్చాడు. సముద్రపు నీళ్ల పంపులో ఇంపెల్లర్ (నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం), సీలు మార్చి ఇచ్చాను. బిల్లు 22,000 అయితే 14,000 ఇచ్చి పోయాడు. ఏప్రిల్ 9న సముద్రంలో వేడెక్కి ఇంజిన్ సీజైందని తెచ్చి మళ్లీ నా షాపులోనే దించాడు. ఇప్పుడు లాయరు నోటీసు పంపాడు. ఇంజిన్ రిపేరుకు 2,60,000, రెండు నెలల వేట నష్టానికి 3,00,000, మనోవేదనకు 50,000 పదిహేను రోజుల్లో కట్టాలట. నేను వారంటీ ఏమీ రాసివ్వలేదు. పాత బాకీ 8,000 ఇచ్చేదాకా ఇంజిన్ నా దగ్గరే పెట్టుకోవచ్చా? పాత ఇంపెల్లర్ నా దగ్గరే ఉంది, దానికి మూడు రెక్కలు లేవు.

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే అసలు కేసు. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

మీకు తెలిసిన సంగతే అయినా రేపు వినియోగదారుల కమిషన్‌లో ఇది ఎలా వినిపిస్తుందో చెప్తాను. లారీకి రేడియేటర్ ఉంటుంది, గాలి చల్లబరుస్తుంది. బోటులో ఆ పని సముద్రపు నీరు చేస్తుంది. నీరు అడుగునున్న వాల్వు గుండా వచ్చి, జల్లెడ దాటి, రబ్బరు ఇంపెల్లర్ తోస్తే, ఇంజిన్ వేడిని లాగేసే హీట్ ఎక్స్ఛేంజర్ సన్న గొట్టాల్లోంచి పోయి, చివరికి పొగతో కలిసి బయట పడుతుంది. ఇంపెల్లర్ రెక్క విరిగిందంటే ఆ ముక్క నీటితో పాటు ముందుకు పోయి ఎక్స్ఛేంజర్ గొట్టాల మూతి దగ్గర ఇరుక్కుంటుంది. అందుకే కొత్తది బిగించే ముందు పాతదాని రెక్కలు లెక్కపెట్టి, తగ్గిన ముక్కల్ని వెతికి బయటికి తీయాలి. మూడు రెక్కలు లేవని మీరే రాశారు. ఆ మూడూ దొరికాయా? ఆ మాట మీరు రాయలేదు. ఎదుటి లాయరు మిమ్మల్ని మొదట అడిగేది ఇదే.

ఆ ముక్కలు ఇంకా ఎక్స్ఛేంజర్‌లోనే ఉంటే, వాటి వల్లే నీటి దారి మూసుకుపోయి ఉంటే, మొహమాటం లేకుండా చెప్తున్నా, అది సేవాలోపమే. వారంటీ కాగితం లేకపోవడం మిమ్మల్ని కాపాడదు. పనిని ఆ వృత్తివాళ్లు చేసే తీరున చేశారా లేదా అన్నదే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూస్తుంది.

లోపల ఉన్నవి మీరు వేసిన కొత్త ఇంపెల్లర్ ముక్కలైతే కథ మారుతుంది. కొత్త రబ్బరు రెండు నెలల్లోనే మాడి, రెక్కలు ఊడిందంటే మొదట అనుమానించాల్సింది పంపుకు నీళ్లు అందలేదనే. రబ్బరుకు చలువా జారుడూ రెండూ ఆ నీటివల్లే. నీళ్లు లేకుండా తిరిగితే అది నిమిషాల్లో పాడవుతుంది. జల్లెడలో నాచు, ప్లాస్టిక్ కవర్లు నిండాయా, వాల్వు తెరవడం మరిచారా, స్టార్ట్ చేయగానే ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూశారా? అవి బోటు నడిపేవాడు రోజూ చూసుకోవాల్సినవి. ఇంజిన్‌కు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే జింకు కడ్డీ పూర్తిగా కరిగిపోయి, గొట్టాల్లో ఉప్పు పొర మందంగా పేరుకుని ఉంటే, ఆ నిర్లక్ష్యం మీ ఫిబ్రవరి పనికంటే చాలా పాతదని చెప్పడానికి అదే సాక్ష్యం.

అందుకని ఆ ఇంజిన్‌ను మీరు ఒంటరిగా విప్పొద్దు. ఇప్పటికే ఒక బోల్టు తీసి ఉంటే అక్కడితో ఆపండి. నోటీసుకు జవాబులో ఒక తేదీ ఇచ్చి, ఆయన, ఆయన మెకానిక్, మీరు, సంబంధం లేని మరో మెకానిక్ ముందు విప్పుదామని, మొత్తం వీడియో తీద్దామని రాయండి. ఆయన రానంటే ఆ తిరస్కారమే మీకు పనికొస్తుంది. కేసు దాకా పోయినా, లోపం ఉన్న వస్తువును పరీక్షకు పంపించే అధికారం కమిషన్‌కు సెక్షన్ 38 కింద ఉంది. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో చెప్పింది. మీరే విప్పేసి ముక్కలు పారేస్తే మాత్రం ఆ భారం మీ నెత్తిన పడినట్టే.

ఇక వేట నష్టం. ఇది చదివి నవ్వొచ్చింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. ఇంజిన్ పోయింది ఏప్రిల్ 9న. ఇంజిన్ బాగుండి ఉన్నా ఆయన పోగలిగింది ఐదారు రోజులే! ఈ తేదీలు జవాబులో తప్పక పెట్టండి. నిషేధ కాలపు భృతి ఆయన తీసుకున్నాడేమో కూడా కనుక్కోండి.

బాకీ విషయంలో నిరాశ పరచక తప్పదు. మీరు పనిచేసిన వస్తువును కూలి వచ్చేదాకా పట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇస్తుంది. కానీ ఫిబ్రవరిలో ఇంజిన్ అప్పగించిన రోజే ఆ హక్కు పోయింది. మళ్లీ షాపులో దించాడు కదా అని పాత బాకీకి పట్టుకోలేరు. ఆ 8,000 కోసం మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు పోవచ్చు. ఇంజిన్ మీ దగ్గరున్నన్నాళ్లూ వానకు తడవకుండా చూసుకోండి, సెక్షన్ 151 ప్రకారం ఆ జాగ్రత్త మీ బాధ్యత.

ఆయన అసలు వినియోగదారుడేనా అన్న వాదన ఉంది. వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవాడు ఈ చట్టం కింద వినియోగదారుడు కాడు, స్వయం ఉపాధితో బతికేవాడికి మాత్రం మినహాయింపు. నాలుగైదు బోట్లు జీతగాళ్లతో నడిపే మనిషైతే వ్యాపార అవసరమని గట్టిగానే అభ్యంతరం చెప్పవచ్చు. ఒకటే బోటు, తానే వేటకు పోతాడంటే ఆ అభ్యంతరం మీద ఆశ పెట్టుకోకండి. తోడు ఇద్దరు ముగ్గురు మనుషులున్నంత మాత్రాన అది స్వయం ఉపాధి కాకుండా పోదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ కేసు నుంచీ కోర్టులు చెప్తున్నవే.

నోటీసుకు జవాబివ్వకపోతే చట్టప్రకారం శిక్షేమీ లేదు, అయినా ఇవ్వండి. అసలు గడువు తర్వాత వస్తుంది. ఆయన తిరుపతి కమిషన్‌లో ఫిర్యాదు వేసి, మీకు నోటీసు అందితే 30 రోజుల్లో మీ వాదన దాఖలు చేయాలి. కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. నలభై ఆరో రోజు మీ కాగితం ఎవరూ తీసుకోరు, 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ తలుపు మూసేసింది. ఆయనకు ఇటు ఖర్చు పెద్దగా లేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే కమిషన్‌కు ఫీజే లేదు, రెండేళ్ల గడువూ ఉంది. కాబట్టి బెదిరింపుతో వదిలేస్తాడనుకోవద్దు.

లోపల దొరికేవి పాత ముక్కలే అని తేలితే, ఆ రోజే షాపులో కూర్చుని రిపేరు ఖర్చులో మాట్లాడుకోండి, సెటిల్‌మెంట్ కాగితం మీద రాసుకోండి. పాత ఇంపెల్లర్‌ను ఇవాళే ఒక కవర్లో పెట్టి, తేదీ రాసి, షాపు కుర్రాడి సంతకం తీసుకుని బీరువాలో పెట్టండి. ఫిబ్రవరి బిల్లు పుస్తకం, ఆయనతో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్‌లు ఏవీ డిలీట్ చేయకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతపరిచే ధ్రువపత్రం) జతచేయాలి. అది మీ లాయరు చూసుకుంటారు, ఫోన్ మాత్రం మార్చకండి.