ఇంటర్ అవ్వగానే అమెరికా బీఎస్‌కి (నాలుగేళ్ల డిగ్రీకి) పంపాలా, బీటెక్ అయ్యాక ఎంఎస్‌కా (మాస్టర్స్‌కా)?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌లో 81 పర్సంటైలే వచ్చింది. మా ఆడపడుచు కొడుకు పోయినేడు ఇంటర్ అవ్వగానే అమెరికాలో బీఎస్‌కి వెళ్లాడు. కన్సల్టెన్సీ వాళ్లు ఏడాదికి 12 వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ఈ వారంలో 50 వేలు కట్టండి అంటున్నారు. రెండెకరాలు అమ్మాలనుకుంటున్నాం, మిగతాది అమ్మాయి పార్ట్‌టైమ్ చేసుకుంటుంది. ఇప్పుడే పంపాలా, ఇక్కడ బీటెక్ చేయించి ఎంఎస్‌కి పంపాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ 50 వేలు కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

జనవరి సెషన్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న వస్తుంది, ఊరి పేరు ఒక్కటే మారుతుంది. ఐఐటీ రాదని తేలిపోయింది, ఇప్పుడు చుట్టాలకి ఏం చెప్పాలి, అమెరికా అంటే ఇంక ఎవరూ పర్సంటైల్ అడగరు కదా, ఇదే లోపల గుబులు. ఆ గుబులు నాకు తెలుసు, తప్పు పట్టట్లేదు, కానీ చుట్టాల నోరు మూయించడానికి పొలం అమ్ముతారా అండీ? ఇంకో మాట, ఏమనుకోకండి, మీరు రాసినదాంట్లో ఆడపడుచు కొడుకు ఉన్నాడు, కన్సల్టెన్సీ వాళ్లు ఉన్నారు, అమ్మాయి ఏమంటుందో మాత్రం ఒక్క ముక్క లేదు. తనకి అమెరికా వెళ్లాలని ఉందా, ఏం చదవాలని ఉంది, అసలు అడిగారా?

స్కాలర్‌షిప్ సంగతి చూద్దాం. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫామ్ మీద ఏడాది ఖర్చు అంతా వేసి ఉంటుంది, ట్యూషన్, ఉండటం, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ. అది 45 వేల డాలర్లు అనుకుందాం. వీళ్లు చెప్పే 12 వేలు తీసేస్తే 33 వేలు, డాలర్ 90 రూపాయల లెక్కన దాదాపు 30 లక్షలు. ఏడాదికి. నాలుగేళ్లకి కోటీ 20 లక్షలు, ఫీజులు పెరగవు అనుకుంటేనే. స్కాలర్‌షిప్ లెటర్‌లో కింద చిన్నగా జీపీఏ, అంటే మార్కుల సగటు, ఇంతకి తగ్గకూడదు అని ఉంటుంది, మొదటి సెమిస్టర్‌లో ఇంటి మీద బెంగతో రెండు సబ్జెక్టులు పోతే ఆ 12 వేలూ పోతాయి. మీ రెండెకరాలకి ఎంత వస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు.

పార్ట్‌టైమ్ అన్నారు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి. గంటకి 12 డాలర్లు ఇచ్చినా నెలకి వెయ్యి డాలర్లు చేతికి రావడం కష్టం, అది తిండికీ ఫోన్ బిల్లుకీ సరి, ఫీజుకి కాదు. బయట గ్యాస్ స్టేషన్లో, రెస్టారెంట్లో చేతికి డబ్బులు తీసుకుని చేస్తున్నారు కదా అంటారు. పట్టుబడితే వీసా స్టేటస్ పోతుంది, 17 ఏళ్ల పిల్లని ఆ పరిస్థితిలో పెట్టే ప్లాన్ మీరు నాకు ప్లాన్‌గా చెప్పకండి.

డైరెక్ట్ బీఎస్ ఫ్యాషన్ మీద నాకు అసలు అనుమానం ఇంకోటి. అక్కడ తొమ్మిదో తరగతి నుంచి మార్కులు, ఎస్సేలు, టీచర్ల లెటర్లు, పిల్లలు చదువు బయట ఏం చేశారో అన్నీ చూస్తారు. పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో కూర్చోబెట్టిన పిల్ల ఆ ఎస్సేలో ఏం రాస్తుంది? అందుకే కన్సల్టెన్సీ రాసిస్తుంది. నేను చూసిన ఇద్దరి ఎస్సేల్లో మొదటి పేరా అక్షరం పొల్లు పోకుండా ఒకటే, నాన్న కొనిచ్చిన పాత కంప్యూటర్ విప్పి చూశాను అని. అందులో ఒకమ్మాయి అప్లై చేసింది బయాలజీకి.

పైగా టైమ్ చూడండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటివి మన పిల్లల దగ్గర డబ్బు ఉందా లేదా చూడకుండా సీటిచ్చి అవసరమైనంత ఎయిడ్ కూడా ఇస్తాయి, కానీ వాటి డెడ్‌లైన్లు జనవరి మొదట్లోనే అయిపోతాయి, సీటు రావడమూ మహా కష్టం. ఈ టైమ్‌లో మొదలుపెడితే మిగిలేవి ఎక్కువగా సీట్లు నిండేదాకా అప్లికేషన్లు తీసుకునేవే. వాటిల్లోనూ మంచివి ఉంటాయి, కాదనను. కానీ చాలా యూనివర్సిటీలు ఏజెంట్లకి తలకింత అని కమిషన్ ఇస్తాయి, మీకు చూపించిన లిస్టులో అలాంటివి ఎన్నో అడగండి, వాళ్ల మొహం చూడండి.

అయితే బీఎస్ ఎవరికీ వద్దా అంటే అలా ఏం కాదు. మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, ఏంటో వెంటనే తేల్చుకోనక్కర్లేదు, కంప్యూటర్స్‌తో పాటు హిస్టరీయో మ్యూజిక్కో చదవచ్చు, సొంతంగా చదివి ప్రశ్నలేసే పిల్లలకి అది నిజంగా పండగే. డబ్బు సమస్య లేని ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే పంపమనే చెప్తా.

ఇక ఎంఎస్‌తో పోల్చమన్నారు. బీటెక్ కన్వీనర్ కోటాలో చదివితే నాలుగేళ్ల ఫీజు అక్కడ ఒక సెమిస్టర్ ఖర్చు కూడా కాకపోవచ్చు, ఎంఎస్ రెండేళ్లలోపే అయిపోతుంది. రెండిట్లోనూ ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే టైమ్, ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత ఉద్యోగానికి కావాల్సిన హెచ్-1బీ వీసా లాటరీలో మామూలుగా 65 వేల వీసాలు, అమెరికా మాస్టర్స్ వాళ్లకి అదనంగా 20 వేలు, ఆ రెండోది బీఎస్ వాళ్లకి లేదు. రూల్స్ ఇలాగే ఉంటాయనీ కాదు, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ మీద లక్ష డాలర్లు అన్నారు, అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకి వర్తించదని చెప్పడానికి నెల పట్టింది, ఆ నెలంతా ఎంతమంది తల్లులు నిద్రపోలేదో. నాలుగేళ్ల తర్వాతి సంగతి ఎవరు గ్యారంటీ ఇచ్చినా నమ్మకండి.

మీ అమ్మాయికి ఏమీ కాలేదమ్మా. 81 పర్సంటైల్‌తో ఎన్‌ఐటీ రాకపోవచ్చు, అంతే. ఏప్రిల్ సెషన్ ఉంది, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఉంది, ఒక మోస్తరు కాలేజీలో సీఎస్‌ఈ చదివి, రెండు మంచి ప్రాజెక్టులు చేసి ఎంఎస్‌కి వెళ్లిన ఆడపిల్లలు నాకు బోలెడుమంది తెలుసు. 21 ఏళ్లకి వెళ్తే ఏం పోదు, వంట వస్తుంది, బ్యాంక్ అకౌంట్ చూసుకోవడం వస్తుంది, వీసా ఆఫీసర్ ఈ యూనివర్సిటీనే ఎందుకు అంటే బట్టీ పట్టకుండా చెప్పడం వస్తుంది.

ఇవన్నీ విన్నాక కూడా పంపుతాం అంటే, అమ్మాయి కూడా వెళ్తాను అంటే, అప్లికేషన్ తన చేతే పెట్టించండి. కన్సల్టెన్సీ వాళ్లు కొత్త మెయిల్ ఐడీ తయారుచేసి పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు, ఏం అప్‌లోడ్ చేశారో పిల్లకే తెలీదు. ఈపాటికే అలాంటి మెయిల్ ఒకటి తెరిచేసి ఉంటే ఆ పాస్‌వర్డ్ ఇవాళే అడిగి తీసుకోండి.