ఇంక్యుబేషన్ కేంద్రం బాధ్యత తీసుకున్న శిష్యురాలికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ విశ్వవిద్యాలయంలో కొత్త ఆలోచనలను వస్తువులుగా, సంస్థలుగా ఎదగనిచ్చే ఇంక్యుబేషన్ కేంద్రాన్ని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. చుట్టుపక్కల ఊళ్లకు దానివల్ల మేలు జరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఎన్ని స్టార్టప్‌లు నమోదయ్యాయి, ఎన్ని పేటెంట్లకు దరఖాస్తు చేశాం అని ఏటా నివేదికలు పంపినవాణ్ణే నేనూ. ఆ లెక్కలు నిన్నూ అడుగుతారు, రాయక తప్పదు. నీకోసం మాత్రం వేరే లెక్క పెట్టుకో: మీ దగ్గర తయారైన వస్తువు ఏ ఊళ్లో, ఎవరింట్లో, రెండో ఏడాది కూడా పనిచేస్తోంది?

ముందు నా పొరపాటు చెబుతాను. అనంతపురం వైపు పనిచేసిన రోజుల్లో మా విద్యార్థులు వేరుశనగ కాయలు ఒలిచే చిన్న యంత్రం తయారుచేస్తే ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చింది. పల్లెకు తీసుకెళ్లాక ఒక పెద్దాయన ఒలిచిన గింజలను అరచేతిలో పోసుకుని చూసి, పైపొర చిట్లిన గింజ సరిగా మొలవదని, విత్తనానికైతే చేత్తో ఒలిచిందే కావాలని చెప్పారు. పనుల్లేని నెలల్లో ఆ ఒలుపు కూలే అక్కడి ఆడవాళ్లకు ఆసరా అని కూడా మాకు అప్పుడే తెలిసింది. యంత్రం చేయకముందే వెళ్లి అడిగి ఉంటే ఒక పూటలో తేలిపోయే సంగతులివి.

దీనికి భిన్నంగా, ఆలేరు దగ్గరి శారాజీపేటలో నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం పని ఇంట్లోని బాధ నుంచే మొదలైంది. పోచంపల్లి చీరకు చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలును ముడివేసి) రంగు అద్దకముందు ఆ నూలును ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ వరుసగా తిప్పాలి; ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పితో అవస్థ పడటం చూసి, ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆయన ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు పోసే యంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథను అందరూ స్ఫూర్తి కోసమే చెబుతారు. నాకు మాత్రం అది మన కళాశాలల మీద ఫిర్యాదులా వినిపిస్తుంది: ఒక లేత్ యంత్రం, ఓపికగా వినే ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు దగ్గర్లోనే దొరికి ఉంటే ఆయనకు ఎన్నేళ్లు కలిసొచ్చేవి?

కాబట్టి నీ వర్క్‌షాపును వారానికి ఒక రోజైనా బయటివాళ్లకు తెరువు. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగి వెనక్కి పంపకుండా కాపలా అతనికి ముందే చెప్పి ఉంచు. సగం మంది అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోతారు.

ఉన్నత విద్యాసంస్థలను పల్లెలతో కలిపే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఒక్కో విద్యాసంస్థ 5 గ్రామాలను ఎంచుకుంటుంది. దాన్ని దత్తత అంటారు గానీ, తాతల కాలం నుంచి నిలిచిన ఊరిని నిన్నగాక మొన్న వచ్చిన సంస్థ దత్తత తీసుకోవడమేమిటో నాకు అర్థం కాదు. ఐదింటికీ ఒకేసారి పరుగెత్తకుండా ఒక్క ఊరితో ఏడాదిపాటు ఉండు.

వాటాల విషయంలో మొహమాటపడవద్దు. విద్యాసంస్థల కోసం 2019లో వచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ప్రకారం, తన వసతులు వాడుకున్న స్టార్టప్‌లో సంస్థ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చు. సంస్థ వాటాకు ఇంత స్పష్టత ఉన్నప్పుడు, ఆలోచన ఇచ్చిన నేతన్న వాటా నోటిమాటగా మిగిలిపోకూడదు. ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంటు దరఖాస్తు తర్వాత పూర్తి వివరాలు దాఖలు చేయడానికి 12 నెలల గడువుంటుంది. ఆవిష్కర్తల జాబితాలో ఆ నేతన్న పేరు మొదటి కాగితంలోనే ఉండేలా చూడు.

మొదటిసారి ఊరికి వెళ్లేటప్పుడు బ్యానరు, ఫొటోగ్రాఫరు వద్దు. మగ్గం ఆపించి మాట్లాడించకు, పొద్దుగూకాక వెళ్లు. యంత్రాన్ని పరీక్షించడానికి ఎవరినైనా పిలిస్తే ఆ రోజు కూలి ఆ సాయంత్రమే చేతికివ్వు. మండల కేంద్రంలోని మోటారు మెకానిక్‌ను కూడా వెంటబెట్టుకుని వెళ్లు. మీ విద్యార్థులు చదువు ముగించుకుని వెళ్లిపోయాక ఆ యంత్రాన్ని బాగుచేయాల్సింది అతనే.

ఇట్లు,
మీ మాస్టారు