‘రంగు తక్కువైనా కళగల మొహం’

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చామనఛాయ. ఆరు నెలలుగా మాకు తెలియకుండా మందుల షాపులో కొన్న క్రీము రాస్తోంది. మొదట తెల్లబడినట్టే కనిపించింది కానీ, ఇప్పుడు ఎండలోకి వెళ్తే బుగ్గలు కందిపోయి మంట పుడుతున్నాయి. మానేయమంటే ‘సినిమాల్లో నాలాంటి వాళ్లు ఎక్కడున్నారు?’ అని ఎదురు ప్రశ్నిస్తోంది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు ఆ ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటివి ఉంటే అవి స్టెరాయిడ్లు. చర్మవ్యాధులకు డాక్టర్లు కొద్ది రోజుల కోసం రాసే మందులే తప్ప అందం కోసం వాడుకునేవి కావు. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మానేయగానే మంట, మొటిమలు తిరగబెడతాయి కనుక పిల్లలు భయపడి మళ్లీ అదే రాస్తారు. అందుచేత చర్మవైద్యులకు చూపించి, వారు చెప్పిన పద్ధతిలోనే మాన్పించండి. పేరూ ఊరూ లేని డబ్బా క్రీము అయితే పాదరసం ఉండే ప్రమాదం కూడా ఉంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇక ఆమె ప్రశ్నకు అబద్ధం చెప్పకండి, ఎందుకంటే తను గమనించింది నిజమే. ఫెయిర్ అండ్ లవ్లీ మన మార్కెట్‌లోకి 1975లో వచ్చింది. రంగు తక్కువని ఉద్యోగమో సంబంధమో చేజారిన అమ్మాయి, క్రీము రాయగానే దాన్ని సాధించుకునే కథనే టీవీలో ఏళ్ల తరబడి చూశాం. నల్లగా ఉన్నవారిని తక్కువ చేసి చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది, అంటే తెలుపు పోయి మెరుపు వచ్చింది. మన సినిమాలు సైతం, భాష రాకపోయినా ఫరవాలేదు గానీ రంగు తగ్గకూడదన్నట్టు, ముంబయి నుంచి కథానాయికలను తెచ్చి డబ్బింగ్ చెప్పించాయి. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013లో మిస్ అమెరికా కిరీటం గెలిచినప్పుడు, ఆ ఛాయతో ఇక్కడి పోటీల్లో నెగ్గగలిగేదా అని మన దేశంలోనే చర్చ జరిగింది.

అయితే టీవీ కన్నా ముందు ఈ పాఠం ఇంట్లోనే మొదలవుతుంది. రంగును పుట్టుకతో వచ్చే మెలనిన్ నిర్ణయిస్తుందని చదువుకున్న ఇళ్లలోనే కడుపుతో ఉన్న పిల్లకు కుంకుమపువ్వు పాలు పడతాం. ‘ఎర్రగా బుర్రగా ఉంది’ అంటే సంబంధం సగం కుదిరినట్టే. ‘రంగు తక్కువైనా కళగల మొహం’ అని మెచ్చుకుంటున్నామనుకుంటాం గానీ, ఆ మాట విన్న పిల్లకు గుర్తుండిపోయేది ‘అయినా’ ఒక్కటే. మీ ఇంట్లో ఆ మాట ఎవరన్నారో గుర్తు చేసుకోండి. మీరే అయితే, డాక్టరు దగ్గరికి వెళ్లే దారిలో అమ్మాయితో ఆ సంగతి ఒప్పుకోండి.