రూమ్‌లో గంజాయి దొరికిందని మా తమ్ముడి మీద ఎన్‌డీపీఎస్ కేసు పెట్టారు, పదేళ్లు జైలేనా?

మీ తమ్ముడి రూమ్‌లో 300 గ్రాముల గంజాయి దొరికిందని, ప్యాకెట్ రూమ్మేట్ బీరువాలో ఉన్నా ముగ్గురినీ రిమాండ్‌కు పంపారని రాశారు. పదేళ్లు ఖాయమని ఎవరో చెప్పారట. బరువు మీరు చెప్పినంతే అయితే ఆ మాట నమ్మకండి. మా బాబాయి కొడుకు ఇలాంటి కేసులోనే ఇరుక్కుంటే కోర్టుకూ లాయర్ దగ్గరికీ వాడితో తిరిగింది నేనే. నేను లాయర్ని కాను. ఆ తిరుగుడులో తెలిసింది చెబుతాను.

ముందు చూడాల్సింది బరువు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి, అంటే మాదకద్రవ్యాల చట్టానికి, 2001లో సవరణ వచ్చాక శిక్ష, బెయిల్ రెండూ చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. గంజాయికి కిలో దాకా స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. స్వల్పమైతే గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్యలో పడితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా వెళ్లొచ్చు. సెక్షన్ 37 వల్ల బెయిల్ కూడా చాలా కష్టం. పదార్థం మారితే అంకెలూ మారతాయి. హెరాయిన్‌కు ఇవే హద్దులు 5 గ్రాములు, 250 గ్రాములు. ఎండీఎంఏ అనే మత్తుమందుకు అర గ్రాము, 10 గ్రాములు. అందుకే రిమాండ్ రిపోర్ట్ కాపీ తీసుకుని ఏ పదార్థం, ఎంత బరువు, ఏ సెక్షన్ అని రాశారో ఈరోజే చదవండి. చట్టం గంజాయి అనేది మొక్క పూత, కాయ ఉండే కొసలనే. కొసలు లేకుండా ఆకులు, గింజలు మాత్రమే ఉంటే అవి గంజాయి కిందికి రావు. తూకంలో ఏమేం కలిపారో లాయర్‌తో చూపించుకోండి.

ఇక మీ తమ్ముడి విషయంలో అసలు ప్రశ్న, ఆ ప్యాకెట్ అక్కడ ఉందని అతనికి తెలుసా, దాని మీద అతనికి అదుపు ఉందా అన్నది. ఒకే గదిలో ఉన్నంత మాత్రాన అందరి దగ్గరా దొరికినట్టు కాదు. అయితే సరుకు ముద్దాయి అదుపులో ఉందని ప్రాసిక్యూషన్ చూపించగలిగితే, తనకు తెలియదని నిరూపించుకునే భారం సెక్షన్ 35, 54 ప్రకారం ముద్దాయి మీద పడుతుంది. మామూలు కేసులకూ దీనికీ పెద్ద తేడా ఇదే. మావాడు స్నేహితుడి కారులో దారి మధ్యలో ఎక్కాడు. డిక్కీలోని బ్యాగులో రెండు కిలోల పైనే దొరికింది. కింది కోర్టు బెయిల్ ఇవ్వలేదు, హైకోర్టు ఇచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. మాకు బాగా పనికొచ్చింది టోల్ గేట్ సీసీటీవీ ఫుటేజీ. వాడు ఎక్కడ ఎక్కాడో అందులో కనిపించింది. ఇలాంటి ఫుటేజీ ఎక్కువ కాలం ఉంచరు, భద్రపరచమని కోర్టులో వెంటనే పిటిషన్ వేయించాలి. మీరు కూడా బిల్డింగ్ కెమెరా, అద్దె అగ్రిమెంట్, ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉండేది అనేవి ఇప్పుడే పోగు చేయండి.

సెక్షన్ 50 ఉందిగా, కేసు కొట్టేస్తారని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. మేమూ దాని మీద ఆశ పెట్టుకున్నాం. ఒంటి మీద సోదా చేసేటప్పుడు మెజిస్ట్రేట్ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట చేయించుకునే హక్కు ఉందని చెప్పాలన్నది ఆ సెక్షన్. బ్యాగుకు అది వర్తించదని 2023లో కూడా సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ కేసులో దొరికింది బీరువాలో కాబట్టి అక్కడ ఆశ తక్కువ. దానికంటే గదిలోకి వచ్చేముందు సమాచారాన్ని రాతలో పెట్టారా, అంటే సెక్షన్ 42 పాటించారా, శాంపిల్స్ మెజిస్ట్రేట్ ఎదుట తీశారా అన్నవి లాయర్‌తో అడిగించండి.

పోలీసుల ముందు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాడని టెన్షన్ పడుతున్నారు. ఆ ఒప్పుకోలు ఒక్కటే చూపించి శిక్ష వేయలేరు. దాని ఆధారంగా కొత్తగా ఏదైనా వస్తువు దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుంది.

లాయర్ ఫీజుకు ఇబ్బందైతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు.

చివరగా, మీరు రాయని విషయం ఒకటి. మీ తమ్ముడికి అలవాటు ఉందా అని, ములాఖత్‌లో తిట్టకుండా మెల్లగా అడగండి. బానిసైన వ్యక్తి స్వల్ప పరిమాణం కేసులో తానే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఏ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. అలవాటు ఉన్నట్టు తేలితే బెయిల్ పిటిషన్‌తో పాటే ఈ సంగతి లాయర్‌కు చెప్పండి.